ఆవిల్దా లెక్క

1979 మార్చి తొమ్మిది, శుక్రవారం. ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజులు కనుక మాంసం లేదు. స్టేడియం గేటు దగ్గర బండి మీద ఉప్పుచేప కలిపి పల్చగా వేయించిన బకలాయితోలు తిన్నాం, నేను రెండు, నా భార్య ఆవిల్దా మూడు. మూడోది వద్దంటూనే తీసుకుంది. ఆ నూనె వేళ్ళతోనే లోపలికి వెళ్ళి, కొత్త స్టేడియంలో, కొత్త బల్ల ముందు కూర్చుని, బాస్కెట్‌బాల్ ఆట గడియారం మీట మీద మొదటిసారి బొటనవేలు పెట్టాను. వేలు జారింది. రిఫరీ ఈల వేసిన అర సెకను తరువాత గడియారం ఆగింది. ఎవరూ గమనించలేదు. పై వరుసల్లోంచి ఆవిల్దా మాత్రం గమనించింది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో నా చెయ్యి పట్టుకుని వాసన చూసి నవ్వింది. తొమ్మిదేళ్ళ తరువాత అదే మీట మీద అదే వేలు పెట్టుకుని, ఏమీ కనపడని చీకట్లో కూర్చున్నాను. ఇంత ముఖ్యమైన సంగతి ఆలోచించవలసిన సమయంలో ఈ నూనె ఎందుకు గుర్తొస్తున్నదా అని ఆశ్చర్యపోతున్నాను. మనసుకు దాని దారి దానిది, మనం పిలిచిన చోటికి రాదు.

కరెంటు పోయి పది నిమిషాలైంది. మావాళ్ళు ఎనభై ఒకటి, రాజధాని జట్టు ఎనభై. బంతి వాళ్ళది. ఈ ఆట గెలిచిన జట్టు ఫైనల్‌కు వెళుతుంది. మా ఊరు సబానా ఆల్తా ఫైనల్ ఆడి ఇరవై రెండేళ్ళయింది. జెనరేటరు జూన్‌లోనే కాలిపోయింది. తలుపుల దగ్గర రెండు బ్యాటరీ దీపాలు తప్ప స్టేడియం అంతా చీకటి. కరెంటు కోసం ఒక గంట చూడాలని నియమం. అప్పటికీ రాకపోతే, ఆగిన చోటునుంచే రేపు మధ్యాహ్నం ఆడతారు. ఆగిన చోటు ఏది అన్నదే ప్రశ్న. బోర్డు పాతది. కరెంటు పోతే దానికి ఏమీ గుర్తుండదు. స్కోరు అందరికీ తెలుసు, పుస్తకంలో ఉంది. మిగిలిన సెకన్లు ఎన్ని అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. అది చెప్పవలసినవాణ్ణి నేను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈ ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను, గడియారం విషయంలో నా మాటకు ఇంతవరకు ఎవరూ అడ్డు చెప్పలేదు. రిఫరీ కిన్యోనెస్ చీకటి పడగానే నా భుజం తడుముకుంటూ వచ్చి, "మాస్టారూ, అంకె తలలో పెట్టుకోండి, కాగితం వెతుక్కుని వస్తాను" అన్నాడు. అలాగేనన్నాను. నా తలలో అంకె లేదు.

ఒళ్ళో బంతి ఉంది. ఇది ఎలా వచ్చిందో చెప్పాలి. వాళ్ళ ఏడో నంబరు కుర్రాడు మధ్య గీత దాటి రెండడుగులు వేసి బంతిని తల పైకి ఎత్తాడు, అప్పుడు దీపాలు పోయాయి. బంతి చేతిలో ఉండగానే చీకటి పడిందని ముగ్గురు రిఫరీలూ అన్నారు, కాబట్టి ఆ విసురు లెక్కలోకి రాదు. కానీ చెయ్యి ఆగదు కదా, విసిరాడు. మూడువేల మంది నోళ్ళు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఇనుప చట్రం మోగలేదు, వల కదిలిన చప్పుడు లేదు. చాలాసేపు, అంటే నిజానికి ఒకటిన్నర సెకను ఉంటుందేమో, ఆ బంతి ఎక్కడా లేదు. తరువాత చెక్కనేల మీద ఎక్కడో దూరంగా ఒక దెబ్బ, ఇంకొకటి, ఇంకా చిన్నది, ఆ తరువాత దొర్లే చప్పుడు. అది తిన్నగా వచ్చి నా బూటుకు తగిలి ఆగింది, వీధి తిరిగి ఇంటికొచ్చిన కుక్కలాగా. వంగి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. పదిమంది అరచేతుల వేడి. ఈ వేడి చల్లారడానికి ఎంతసేపు పడుతుందో కొలిస్తే బాగుంటుందని, ఇంత కంగారులోనూ, ఒక ఆలోచన వచ్చింది.

నాకు ఖాయంగా తెలిసినది ఒకటే. వాళ్ళు గీత బయటనుంచి బంతి అందించినప్పుడు బోర్డు మీద పద్ధెనిమిది ఉంది. అక్కడినుంచి నా కళ్ళు రిఫరీ చేతి మీద ఉండాలి, మధ్యమధ్య బోర్డు మీద. ఎప్పుడూ అలాగే ఉంటాయి. ఈరోజు లేవు. ఈరోజు ఎడమవైపు తిరిగి పైకి చూశాను. పదకొండో మెట్టు, స్తంభం పక్కన, ఆవిల్దా కూర్చునే చోటు.

ఆవిల్దా జనవరిలో పోయింది. మే నెలలో ఆటలు మొదలయ్యాయి. మా జట్టు పేరు పితిర్రెలు, గద్దను గాలిలో తరిమే ఆ చిన్న బూడిదరంగు పిట్టల పేరు. ఈసారి ఆ పిట్టలు మొదటి ఆరు ఆటలూ ఓడిపోయాయి. ఊళ్ళో దాన్ని ఆవిల్దా లేకపోవడానికి ముడిపెట్టారు, నా ముందు అనకుండా నా వెనక అనుకున్నారు, అది వాళ్ళ మంచితనం. నేను మాత్రం మొదటి ఆటకు వెళ్ళేముందు ఎడమ చెవిలో దూది పెట్టుకున్నాను. ఎడమవైపు నుంచే ఆ లెక్క వినపడేది. ఈలకు కుడి చెవి చాలు. సీజను అంతా దూదితోనే గడిచింది. జులైలో పైకప్పు కారి, రెండు జట్లవాళ్ళూ కలిసి దుప్పట్లతో నేల తుడిచిన రోజున దూది. పాల వ్యాను నడిపే మా పాపో వరసగా నాలుగు దూరపు బుట్టలు వేసి, మరునాడు ఇళ్ళముందు పాలతోపాటు నవ్వులు కూడా పోసి వెళ్ళినప్పుడు దూది. అమెరికానుంచి వచ్చిన మా పొడుగు కర్టిస్, వీధిలో ముసలమ్మలు కనపడితే వంగి ఆశీర్వాదం అడగడం నేర్చుకున్న వేసవి అంతా దూది. ఆట ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే నా గేటు కమ్మీకి ఒక సంచి, అందులో వేడి రొట్టె. ఎవరు పెడుతున్నారో నేను అడగలేదు. అడిగితే వాళ్ళు ఒప్పుకోవాలి, నేను కృతజ్ఞత చెప్పాలి, ఇద్దరికీ ఇబ్బంది. ఈరోజు రొట్టె తింటూ దూది మరిచిపోయాను. మేజా మీద ఉప్పుడబ్బా పక్కన ఉండి ఉంటుంది ఇప్పుడు.

లెక్క అంటే ఇది. అవతలి జట్టు చేతిలో బంతి ఉండి, చివరి క్షణాలు నడుస్తుంటే, మా ఊరు మొత్తం గట్టిగా సెకన్లు లెక్కపెడుతుంది, తప్పుగా. గడియారంలో ఇంకా బోలెడు ఉండగానే ఎనిమిది, ఏడు, ఆరు అని అరుస్తారు. పరాయి కుర్రాడు తల ఎత్తి బోర్డు చూసే తీరిక లేక, ఆ అరుపు నమ్మి, కంగారుగా ఎక్కడినుంచో విసిరేస్తాడు. మొదలుపెట్టినది ఆవిల్దా. చేతిలో ఒక రేకు పళ్ళెం, దాని మీద చెంచాతో అంకెకొక దెబ్బ. ఆ లెక్క తప్పని ఊళ్ళో అందరికీ తెలుసు, ఎంత తప్పో తెలిసినది మా ఇద్దరికే. బోర్డు మీద పదమూడు పడగానే ఆమె ఎనిమిది అనేది. సరిగ్గా ఐదు తక్కువ, ఎప్పుడూ ఐదే. ఆరెందుకు కాకూడదు, మూడెందుకు కాకూడదు అని నేను చాలాసార్లు అడిగాను. వంట చేస్తున్నప్పుడు అడిగితే ఉప్పు చూడమనేది. పడుకున్నప్పుడు అడిగితే అటు తిరిగి పడుకునేది. ఒక మనిషితో ముప్ఫై నాలుగేళ్ళు ఉన్నాక కూడా అడిగి తెలుసుకోలేనివి మిగిలిపోతాయి. అవి మిగిలినందుకు బాధ ఉందో, సంతోషం ఉందో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ సాయంత్రం దూది లేని చెవిలోకి ఆ పళ్ళెం చప్పుడు వచ్చింది. ఎనిమిది అన్న గొంతు ఆడగొంతు. చివర కొంచెం లాగడం, గడప దాటుతూ పావడా అంచు ఎత్తినట్టుగా. నేను చూశాను. చూడకూడదని తెలిసీ చూశాను. ఏడు, ఆరు. ఎవరో స్త్రీ నిలబడి ఉంది, ముఖం సరిగ్గా ఆనలేదు. ఐదు. నాలుగు. చీకటి.

కుర్చీ జరిగిన చప్పుడు, పక్కన పెద్ద శరీరం ఒకటి కూర్చుంది. కొత్త తోలు బూట్ల కిర్రుమనే శబ్దాన్నిబట్టి క్లబ్బు అధ్యక్షుడు దోన్ అవెలీనో. ఫర్నిచరు దుకాణం ఆయనది. ఆవిల్దా శవపేటికకు చెక్క ఆయనే ఎంచి, పాలిష్ తన చేత్తో పట్టించాడు.

"మాస్టారూ, ఏదో ఆలోచిస్తున్నట్టున్నారు."

"బంతి ఎంతసేపట్లో చల్లారుతుందా అని."

"మీరు మీరే." కుర్చీ ఇంకా దగ్గరికి జరిపాడు. "నాలుగు కదా?"

"ఏది నాలుగు?"

"ఊరంతా విన్నారు మాస్టారూ. రేడియో ఆయన కూడా నాలుగనే చెప్పాడట. ఇళ్ళల్లో ట్రాన్సిస్టర్లు పెట్టుకున్నవాళ్ళందరికీ నాలుగే తెలుసు. మీరింక వేరే చెప్పడానికేముంది?" నా మోకాలి మీద ఒకసారి తట్టాడు. "ఇరవై రెండేళ్ళండీ. మా నాన్న చూడకుండానే పోయాడు."

ఆయన వెళ్ళాక ఆ తట్టిన చోటు మోకాలు బరువుగా అనిపించింది. చెడ్డవాడు కాదు. పైగా ఆయన చెప్పినది ఆలోచించవలసిన మాటే. మూడువేల నోళ్ళు నాలుగు అన్నాయి. గడియారం చచ్చిపోయింది. చచ్చిన గడియారం ఒకవైపు, బతికున్న మూడువేల మంది ఒకవైపు ఉంటే, అంకె ఎటువైపు ఉంటుంది? నాలుగు సెకన్లలో పరాయి జట్టు గట్టిగా ఒక్కసారి విసరగలదు, అదీ కంగారుగా. ఇంకో ఐదు సెకన్లు ఉంటే పథకం వేసుకుని, కుడివైపుకు నడిపి, వాళ్ళ పొడుగువాణ్ణి చట్రం కిందకు పంపి, నింపాదిగా వేస్తుంది. నేను నాలుగు అంటే ఎవరూ నన్ను తప్పు పట్టలేరు, రాజధాని జట్టు కూడా. వాళ్ళ కుర్రాడే నాలుగు నమ్మి విసిరాడు కదా. ఇంత తేలికైన అబద్ధం నా జీవితంలో ఎప్పుడూ ఎదురు కాలేదు. దానివైపు ఆసక్తిగా చూశాను. చీకట్లో అది బంతిలాగే గుండ్రంగా, వెచ్చగా ఉంది.

కానీ ఆవిల్దా అబద్ధం ఎందుకు నవ్వు తెప్పించేది? నెత్తిమీద బోర్డు నిజం చెబుతూ ఉండేది కనుక. ఎవరికి కావాలన్నా తల ఎత్తి చూసుకోవచ్చు. ఆమె పైన కూర్చుని అబద్ధమాడేది, నేను కింద కూర్చుని నిజం నడిపించేవాణ్ణి, ఇద్దరం ఒకే బండికి రెండు చక్రాల్లా. ఈరోజు కింది చక్రం కూడా అటే తిరిగితే? ఇక అది అల్లరిగా మిగలదు. ఆమె పేరుమీద నేను చేసిన దొంగతనం అవుతుంది.

అయినా, నిజం చెప్పాలన్నా అది నాకు తెలియాలి కదా. ఆమె అయితే నాలుగుకు ఐదు కలిపేసేవాణ్ణి. ఈ కొత్త గొంతు ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎంత తక్కువ పట్టిందో, అంకెకూ అంకెకూ మధ్య ఎంత ఆగిందో నాకేం తెలుసు? సీజను అంతా చెవి మూసుకున్నాను. దుఃఖానికి పెట్టుకున్న దూది ఇప్పుడు ఇలా అడ్డు పడుతుందనుకోలేదు. బయట తడిగడ్డిలో కోకీ కప్పలు మొదలుపెట్టాయి, కో-కీ, కో-కీ. రెండు అరుపుల మధ్య ఎంత వ్యవధి? వెచ్చటి రాత్రి త్వరగా, చల్లటి రాత్రి నెమ్మదిగా. కప్పకు కూడా సెకను ఒకే పొడవు కాదు.

"మాస్టారూ, కాళ్ళు తియ్యండి, తొక్కేస్తానేమో. నేను నెరెయిదాని. బేకరీ నెరెయిదా."

"ఎలా కనిపెట్టావు నన్ను?"

"మోకాళ్ళకి రాసుకుంటారే ఆ సారా, దాని వాసన పట్టుకుని వచ్చా. ఇదుగో కాఫీ, ఫ్లాస్కు మూతలో పోశాను, ఒలకబోసుకోకండి."

నలభై ఏళ్ళుంటాయి ఆమెకు. నా దగ్గర ఫిజిక్స్ చదివింది, అంటే మూడుసార్లు తప్పింది. చేతులకు ఎప్పుడూ పిండి, గోళ్ళ సందుల్లో కూడా. కాఫీ తీసుకుంటుంటే ఆమె వేళ్ళనుంచి రొట్టె వాసన వచ్చింది, నా గేటు కమ్మీకి పొద్దున్న తగిలే వాసనే. ఒక గుక్క తాగాను.

"చూశారు కదా మీరు," అంది గొంతు తగ్గించి. "మీరు నావైపు చూడ్డం నేను చూశా. బోర్డు చూడలేదు."

"పళ్ళెం నీ దగ్గరుందా?"

"ఆమే ఇచ్చింది. మీరు అడుగుతారని ఏడాదంతా భయపడ్డా. మీరేమో అసలు తలెత్తరు. కోపమేమో అనుకున్నా."

"కోపం కాదు. దూది."

"ఏంటి?"

"ఏం లేదు. నెరెయిదా, ఎనిమిది అని ఎప్పుడన్నావు?"

"పదమూడు పడగానే. ఇంకెప్పుడంటారు?"

చేతిలో మూత ఒరిగి కాఫీ బంతిమీద ఒలికింది. రుమాలుతో తుడిచాను. "ఐదు తక్కువని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారండీ? దోన్యా ఆవిల్దా, మీ ఆవిడే. ఆస్పత్రిలో. క్రిస్మస్ ముందు నేను రొట్టె తీసుకెళ్ళేదాన్ని కదా, మీరు ఇంటికెళ్ళి స్నానం చేసొచ్చే టైములో. సెలైన్ సీసా చూపించి, ఆ చుక్కలతో సమానంగా లెక్కపెట్టమనేది. నర్సుని బతిమాలి చుక్కకి ఒక సెకను వచ్చేలా తిప్పించుకుంది. నేను తొందరపడితే చేతిమీద కొట్టేది. ఆ సూది ఉన్న చేత్తోనే." నెరెయిదా ఫ్లాస్కుకు బిరడా బిగించింది. "అంకె ఎంత అబద్ధమైనా చెప్పు, నడక మాత్రం తప్పకూడదు అంది. కింద ఒకాయన మీట పట్టుకుని కూర్చుంటాడు, మనం నడక తప్పితే ఆయన తల తిరుగుతుంది అంది."

"ఐదే ఎందుకో అడిగావా?"

"అడిగా. మూడుసార్లు ఫిజిక్స్ తప్పినదాన్ని, అడక్కుండా ఉంటానా? ఒక చేతికున్న వేళ్ళు, చీకట్లో కూడా కలుపుకోవచ్చు అంది. మన బోర్డుని నమ్మలేం, ఎప్పుడో ఒకరోజు అది చస్తుంది, ఆరోజు మా ఆయన దగ్గర ఏమీ ఉండదు అంది. ఇవన్నీ చెప్పి, ఈ సంగతి ఆయనకి చెప్పావంటే నీ బేకరీకి ఎలకలు పడతాయి అని తిట్టింది."

ఇది నిజంగా ఆవిల్దా అన్నదేనా? లేక పిండి పిసికే మనిషి, దుఃఖంలో ఉన్నవాడికి ఏది మెత్తగా ఉంటుందో తెలిసి అప్పటికప్పుడు కలిపి ఇచ్చినదా? ఎలకల మాట మాత్రం ఆవిల్దాదే. చుక్కలు కూడా నాకు గుర్తున్నాయి. ఆ సీసా కింద కూర్చుని నేను కూడా లెక్కపెట్టేవాణ్ణి, ఇంత కచ్చితంగా పడుతున్నాయేమిటా అని ఆశ్చర్యపోయేవాణ్ణి, నిమిషానికి అరవై. ఎవరో మంచి నర్సు అనుకున్నాను. తొమ్మిదేళ్ళు ఆ లెక్క పరాయి కుర్రాళ్ళను మోసం చెయ్యడానికే అనుకున్నాను. అందులో నాకోసం ఒక గడియారం నడుస్తున్నదని, దానికి కరెంటు అక్కరలేదని అనుకోలేదు. నాలుగుకు ఒక చేతి వేళ్ళు కలిపాను. చీకట్లోనే, బంతి మీద, ఒక్కొక్కటే ఆనించి.

"ఇది చెప్పాలంటే, ఐదు సంగతి కూడా చెప్పాలి," అన్నాను. "వాళ్ళందరి ముందూ. ఇకముందు ఎవరూ మోసపోరు."

నెరెయిదా గోరు పళ్ళెం అంచు మీద గీసిన చప్పుడు వినపడింది. "పళ్ళెం మోగించడానికి చెయ్యి రాదేమో ఇంక," అంది. తరువాత, "మీ ఇష్టం మాస్టారూ. మీ ఇంటి లెక్కే కదా," అంది.

గంట అయింది. కరెంటు రాలేదు. కిన్యోనెస్ బ్యాటరీ దీపం పట్టుకుని, రెండు జట్ల కోచ్‌లతో, దోన్ అవెలీనోతో బల్ల దగ్గరకు వచ్చాడు. దీపం వెలుగులో అందరి గడ్డాలు కిందనుంచి కనపడ్డాయి.

"చెప్పండి మాస్టారూ, ఎంత?"

"తొమ్మిది."

దోన్ అవెలీనో బూటు ఒకసారి కిర్రుమంది. కిన్యోనెస్ కలం ఆగింది. "జనం నాలుగు అన్నారు."

"జనం ఎప్పుడూ ఐదు తగ్గించి అంటారు. పదమూడుకు ఎనిమిది. బోర్డు చూసి చెప్పడం లేదు నేను, ఆ సమయానికి అటు చూడలేదు, అది నా తప్పు, రాసుకోండి. నాలుగుకు ఐదు కలిపి చెబుతున్నాను."

రాజధాని జట్టు కోచ్, తల నెరిసినవాడు, ముందుకు వంగాడు. "ఆగండాగండి. ఇన్నేళ్ళుగా సరిగ్గా ఐదేనా?"

"ఐదే."

"ఆరోజుల్లో నేనూ ఈ కోర్టులో ఆడినవాణ్ణే. ఎనభై ఒకటో సంవత్సరంలో ఇక్కడే, మధ్య గీత దగ్గరనుంచి విసిరేశా. ఇప్పటికీ మా ఆవిడ ఎగతాళి చేస్తుంది." నవ్వాడు, నవ్వుతూనే తల ఊపాడు. "తనవాళ్ళకు నష్టమైన అంకె చెప్పే మనిషితో నేనేం వాదిస్తాను? తొమ్మిది రాయండి."

అంకె వరసలు ఎక్కి వెళ్ళడం విన్నాను. తొమ్మిదట, తొమ్మిదట, మాస్టారే చెప్పాడట. పదకొండో మెట్టు దాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఎవరో ఒక బూతు అన్నారు, పూర్తిగా కాదు. దోన్ అవెలీనో నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి, మెట్టు ఉంది చూసుకోండి అని మాత్రం చెప్పి మళ్ళీ వెళ్ళాడు. పాపో మెడలో తువ్వాలుతో వచ్చి బల్లమీద కూర్చున్నాడు. "తొమ్మిదా. పొద్దున్నే నాలుగింటికి లేచి పాలు పోసేవాణ్ణి మాస్టారూ, తొమ్మిది సెకన్లు కాపలా కాయలేనా?" అన్నాడు. కాయగలడో లేడో రేపు తెలుస్తుంది. తెలుసుకోవాలని ఉంది. ఆవిల్దా పోయిన తరువాత, రేపు ఏమవుతుందా అని నాకు నేనుగా అనుకోవడం ఇదే మొదలు.

జనం అగ్గిపుల్లల వెలుగులో దిగిపోయారు. నెరెయిదా పళ్ళెం చంకలో పెట్టుకుని నా ముందు ఆగింది.

"రేపట్నుంచి ఎంత తగ్గించాలో మీకు కూడా చెప్పను," అంది.

"నడక?"

"నడక తప్పను లెండి."

చివరికి నేనూ, కాపలాదారు మోంచీనూ మిగిలాం. కరెంటువాళ్ళకు నాలుగుసార్లు ఫోన్ చేశానని, దీపం పెట్టుకోమని సలహా ఇచ్చారని గొణుగుతూ వచ్చి, కిన్యోనెస్ తొమ్మిది అని రాసి సంతకం పెట్టిన కాగితాన్ని బంతి కింద పెట్టి, బంతిని నా కుర్చీలో పెట్టాడు. దొర్లకుండా నా మెత్తను దానిచుట్టూ సర్దాడు. బంతి చల్లారిపోయింది, ఎప్పుడు చల్లారిందో గమనించలేదు. ఆ ఇనుప తలుపు మూస్తే రెండు వీధుల అవతలికి వినపడుతుంది, ఎప్పుడూ కాలితో తన్ని మూస్తాడు. ఈ రాత్రి మాత్రం భుజం కింద పెట్టి తలుపును కొంచెం పైకి ఎత్తి, లోపల ఎవరో ఇప్పుడే నిద్రపట్టి పడుకున్నట్టు, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.